షేక్స్పియర్ ఇల్లు, పెంపకం, చదువు

ఆంగ్ల నాటకకర్త విలియం షేక్స్పియర్ పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. వావిలాల వాసుదేవశాస్త్రి 1870ల దశకంలోనే ‘జూలియస్ సీజర్’ను తెలుగులోకి తెచ్చారు. కందుకూరి వీరేశలింగం ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘చమత్కార రత్నావళి’గా మలిచారు. అప్పటినుంచి ఆయన నాటకాలను చదువుతున్నాం, ఆడుతున్నాం, పాఠ్యగ్రంథాలుగా పెట్టుకుంటున్నాం. కాని ఆయన ఏ ఇంట పుట్టాడు, ఎవరి చేతుల్లో పెరిగాడు, ఆ ఇంట్లో చదువు ఎంత అన్న సంగతులు మన తరగతి గదుల్లో ఒకటి రెండు వాక్యాలతో ముగుస్తాయి.

ఈ సంగతులు తెలుసుకోవటం కేవలం కుతూహలం కోసం కాదు. షేక్స్పియర్ నాటకాలు షేక్స్పియర్ రాయలేదని వాదించేవారు పందొమ్మిదో శతాబ్దం మధ్యనుంచి ఉన్నారు. 1857లో డీలియా బేకన్ అనే అమెరికన్ రచయిత్రి ఈ వాదంపై పెద్ద గ్రంథమే ప్రచురించింది. ఈ వాదాలకు పునాది ఆయన పుట్టుకే. తండ్రి తోలు పని చేసేవాడు; తల్లి రైతు కూతురు; ఇద్దరూ కాగితాలమీద సంతకానికి బదులు గుర్తులు పెట్టినవారే. విశ్వవిద్యాలయం గడప తొక్కని ఇలాంటి ఇంటి పిల్లవాడికి అంత భాష ఎక్కడిదని వారి ప్రశ్న. ఆ ప్రశ్న స్ట్రాట్‌ఫర్డ్‌లోని ఒక్క ఇంటికే వర్తించేది కాదు. చదువులేని ఇంట పుట్టిన ప్రతి బిడ్డనూ తాకే ప్రశ్న. అందుకని ఆ కుటుంబం గురించి నమ్మదగిన ఆధారాలు చెప్పే విషయాలను ఈ వ్యాసంలో ఒకచోట చేర్చదలచాము.

షేక్స్పియర్ రాసుకున్న దినచర్య లేదు. ఆయన ఇంటికి రాసిన ఉత్తరం ఒక్కటీ దొరకలేదు. మనకు మిగిలినవి చర్చి పుస్తకాల్లోని జ్ఞానస్నానాలు, ఖననాలు, పురసభ లెక్కలు, కోర్టు కాగితాలు, క్రయపత్రాలు, వీలునామాలు. ఇవి డబ్బు సంగతీ చావుపుట్టుకల సంగతీ చెబుతాయి. మనసు సంగతి చెప్పవు. ఈ పరిమితిని గుర్తుంచుకుని ముందుకు సాగుదాం.

తండ్రి జాన్

కవి తాత రిచర్డ్ షేక్స్పియర్ స్ట్రాట్‌ఫర్డ్‌కు నాలుగు మైళ్ల దూరంలోని స్నిటర్‌ఫీల్డ్ గ్రామంలో కౌలురైతు. కొడుకు జాన్ సేద్యం వదిలి పట్నం చేరాడు. పట్నం అంటే మరీ పెద్దది కాదు, రెండువేలలోపు జనాభా ఉన్న సంతవూరు. పటికతో పదును చేసిన మెత్తటి తెల్లతోళ్లతో చేతితొడుగులు కుట్టడం జాన్ వృత్తి. ఆయన పేరు స్ట్రాట్‌ఫర్డ్ కాగితాల్లో మొదటిసారి కనబడేది 1552లో. హెన్లీ వీధిలో అనుమతి లేకుండా పెంటకుప్ప వేసినందుకు ఆయనకు ఒక షిల్లింగు జరిమానా పడింది.

జరిమానాతో మొదలైన ఈ పేరు చాలా వేగంగా పైకి వచ్చింది. 1556లో జాన్ ఇళ్లు కొన్నాడు. అదే సంవత్సరం ఊళ్లో అమ్మే సారాయి, రొట్టెల నాణ్యం చూసే పని అప్పగించారు. తర్వాత కాన్‌స్టేబుల్, పురసభ కోశాధికారి, 1565లో ఆల్డర్‌మన్, 1568లో బెయిలిఫ్ అయ్యాడు. బెయిలిఫ్ అంటే ఆ ఊరికి మొదటి మనిషి. ఇంత చేసినవాడు తన పేరు రాసిన కాగితం ఒక్కటీ లేదు. కొన్నిచోట్ల శిలువ గుర్తు, కొన్నిచోట్ల చేతితొడుగులు కొలిచే వృత్తలేఖిని బొమ్మ వేసేవాడు. మన పాత దస్తావేజుల్లోని నిశానీ లాంటిదే ఇది. అయితే నిశానీ వేసినవారంతా చదవలేనివారని తేల్చడానికి వీల్లేదు. ఆ కాలంలో చదవడం వేరుగా, రాయడం వేరుగా నేర్పేవారు. చదవడం వచ్చి రాయడం రానివారు ఎందరో ఉండేవారు. జాన్ పురసభ లెక్కలను తన హయాంలోవే కాక, తన తర్వాత వచ్చిన కోశాధికారులవి కూడా సమర్పించాడు. లెక్క తెలిసిన మనిషి, వ్యవహారదక్షుడు అనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

తండ్రి పదవివల్ల కొడుకుకు కలిగిన ఒక లాభాన్ని ఇక్కడ చెప్పాలి. ఊరికి నాటక బృందాలు వస్తే బెయిలిఫ్ అనుమతి ఇచ్చి, పురసభ సొమ్ములోంచి పారితోషికం ఇప్పించాలి. జాన్ బెయిలిఫ్‌గా ఉన్న కాలంలో స్ట్రాట్‌ఫర్డ్ లెక్కల్లో నాటక బృందాలకు చెల్లింపులు మొదటిసారి కనబడతాయి. రాణిగారి బృందానికి తొమ్మిది షిల్లింగులు, వూస్టర్ ప్రభువు బృందానికి ఒక షిల్లింగు. అప్పటికి విలియంకు అయిదేళ్లు. తండ్రి పక్కన కూర్చుని ఆ ఆటలు చూశాడని ఎవరూ రాసిపెట్టలేదు. కాని ఊరిపెద్ద కొడుకు ఇంటి దాపున ఆట జరుగుతుంటే చూడలేదనుకోవడమే కష్టం.

తల్లి మేరీ

మేరీ ఆర్డెన్ విల్మ్‌కోట్ గ్రామవాసి. తండ్రి రాబర్ట్ ఆర్డెన్ ఉన్న రైతు. జాన్ తండ్రి కౌలుకు చేసింది ఈయన భూమినే. అంటే జాన్ తమ భూస్వామి కూతురినే పెళ్లాడాడు. ఎనిమిదిమంది ఆడపిల్లల్లో మేరీ కడగొట్టుది. అయినా 1556లో తండ్రి రాసిన వీలునామాలో విల్మ్‌కోట్ పొలం ఆమెకే వచ్చింది. ఆ వీలునామాను అమలు జరిపే బాధ్యత అప్పగించిన ఇద్దరిలో ఆమె ఒకతె. చిన్నకూతురైనా ఆ బరువును మోయగలదని తండ్రి నమ్మాడన్నమాట.

మేరీ కూడా దస్తావేజులపై గుర్తే పెట్టింది. ఆమె పిల్లలకు ఏం చెప్పిందో, ఏం పాడిందో తెలియజేసే ఆధారం లేదు. అయితే ‘టైటస్ ఆండ్రానికస్’ నాటకంలో ఒక పిల్లవాడి చేతిలో ఓవిడ్ అనే లాటిన్ కవి పుస్తకం ఉంటుంది. అది తనకు అమ్మ ఇచ్చిందని వాడు చెబుతాడు. దీన్ని కవి ఆత్మకథ అనుకోనక్కరలేదు. పుస్తకాన్నీ తల్లినీ ఒకచోట చేర్చి చూసిన ఊహ అది అని మాత్రం గుర్తించవచ్చు.

విల్మ్‌కోట్‌లో మేరీ ఇల్లని చాలాకాలం యాత్రికులకు చూపించిన ఇల్లు వేరే రైతుదనీ, ఆమె పెరిగింది దాని పక్కనున్న ఇంట్లోననీ 2000లో పరిశోధకులు నిర్ధారించారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఈ కుటుంబ చరిత్రలో సవరణలు జరుగుతూనే ఉన్నాయి.

తోబుట్టువులు

జాన్, మేరీ దంపతులకు ఎనిమిదిమంది సంతానం. మొదటి ఇద్దరూ ఆడపిల్లలు, ఇద్దరూ పసితనంలోనే పోయారు. మూడోవాడు విలియం. 1564 ఏప్రిల్ 26న జ్ఞానస్నానం జరిగింది. పుట్టినరోజు ఏప్రిల్ 23 అనేది సంప్రదాయంగా వస్తున్న మాట. ఆ జూలైలో ఊళ్లో ప్లేగు సోకింది. ఆరు నెలల్లో రెండువందలమందికి పైగా చనిపోయారు. అంటే ఆరేడుగురిలో ఒకరు. ఇద్దరు బిడ్డలను మట్టికిచ్చిన తల్లి, మూడు నెలల పసివాడిని ఒళ్లో పెట్టుకుని ఆ వేసవి గడిపింది.

విలియం తర్వాత గిల్బర్ట్, జోన్, ఆన్, రిచర్డ్, ఎడ్మండ్ పుట్టారు. చనిపోయిన పెద్దకూతురి పేరే మళ్లీ జోన్‌కు పెట్టారు. ఆన్ 1579లో ఏడేళ్ల వయసులో పోయింది. ఆమె ఖననానికి గంట మోగించి, శవంపై వస్త్రం కప్పినందుకు తండ్రి ఎనిమిది పెన్నీలు చెల్లించినట్లు లెక్కల్లో ఉంది. అది ఆ ఇంటికి గడ్డుకాలమని తర్వాత చూస్తాం. ఆఖరివాడు ఎడ్మండ్ అన్నలాగే లండన్ వెళ్లి నటుడై, 1607 చివర ఇరవై ఏడేళ్లకు మరణించాడు. అతని కోసం చర్చి పెద్దగంట మోగించారు. ఆ ఖర్చు ఇరవై షిల్లింగులు అన్నే భరించి ఉంటాడని పండితుల ఊహ.

బడి: రెండు భాషల చదువు

స్ట్రాట్‌ఫర్డ్ బడికి 1553లో ఆరవ ఎడ్వర్డ్ రాజు శాసనంతో కొత్త ప్రాణం వచ్చింది. ఉపాధ్యాయుడికి ఏడాదికి ఇరవై పౌన్ల జీతం, ఉండటానికి ఇల్లు పురసభే ఇచ్చేది. ఆ కాలానికి మంచి జీతం కనుక ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవారు ఆ చిన్న ఊరికి వచ్చి పనిచేసేవారు. ఊరివారి కొడుకులకు చదువు ఉచితం. ఆ కాలపు హాజరుపట్టీలు మిగలలేదు కాబట్టి విలియం పేరు చూపలేం. కాని ఊరిపెద్ద కొడుకును పావుమైలు దూరంలో ఉన్న ఉచిత పాఠశాలకు పంపలేదనడానికి కారణం కనబడదు. మరొక సాక్ష్యం తమ్ముడు గిల్బర్ట్. 1610 నాటి ఒక దస్తావేజుపై అతను చక్కగా తన పేరు సంతకం చేశాడు. గుర్తులు పెట్టిన తల్లిదండ్రుల కొడుకులు సంతకాలు చేశారంటే మధ్యలో ఉన్నది బడే.

పిల్లలు ముందు చిన్నబడిలో అక్షరాలు దిద్దేవారు. చెక్కపిడికి అక్షరాలు, ప్రార్థన రాసిన కాగితం అంటించి, పైన పారదర్శకమైన కొమ్ముపొర బిగించిన ‘హార్న్‌బుక్’ వారి పలక. ఏడేళ్లకు పెద్దబడి. వేసవిలో ఉదయం ఆరింటికి మొదలై సాయంత్రం అయిదు దాకా, వారానికి ఆరు రోజులు చదువు సాగేది. నేర్పింది ఒక్కటే, లాటిన్. మన వీధిబళ్లలో అమరం వల్లె వేయించినట్లు అక్కడ లిలీ వ్యాకరణాన్ని వల్లె వేయించేవారు. తర్వాత టెరెన్స్, ప్లాటస్ నాటకాలు, సిసెరో ఉపన్యాసాలు, ఓవిడ్, వర్జిల్ కావ్యాలు.

ఈ చదువులో మనం గమనించవలసిన పద్ధతి ఒకటుంది. లాటిన్ భాగాన్ని పిల్లవాడు ఇంగ్లీషులోకి మార్చాలి. మూలాన్ని పక్కన పెట్టి, కొంతసేపయ్యాక ఆ ఇంగ్లీషునే మళ్లీ లాటిన్‌లోకి తేవాలి. తన లాటిన్‌ను కవి లాటిన్‌తో పోల్చి తప్పులు దిద్దుకోవాలి. రోజర్ ఆస్కమ్ 1570లో వెలువడిన తన గ్రంథంలో ఈ పద్ధతినే సిఫారసు చేశాడు. దీనికి తోడు ఫలానా పాత్ర ఫలానా సందర్భంలో ఏం మాట్లాడుతుందో రాయమనేవారు. ఒకే విషయాన్ని సమర్థిస్తూ ఒకసారి, ఖండిస్తూ ఒకసారి వాదించమనేవారు. నాటకకర్త కాబోయేవాడికి ఇంతకన్న తగిన శిక్షణ ఏముంటుంది?

ఆ బడిలో ఇంగ్లీషును ఒక విషయంగా ఎవరూ బోధించలేదు. ఇంగ్లీషు ఇంటిభాష, అంగడిభాష. పిల్లవాడు దాన్ని తల్లిదగ్గర, తోలు కొనవచ్చినవారి దగ్గర, పొలంలోని మేనమామల వరుసవారి దగ్గర నేర్చుకున్నాడు. బడి ఇచ్చింది పరాయిభాష. కాని దానితో రోజూ తూచి చూడటంవల్ల ఇంటిభాష బరువు, నునుపు, లోటు అన్నీ తెలిసివచ్చాయి. ‘మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’లో విలియం అనే పేరుగల పిల్లవాడిని పంతులు లాటిన్ విభక్తులు అడిగే దృశ్యం ఉంది. చదువురాని ఒక ఆడమనిషి పక్కనే నిలబడి ఆ లాటిన్ మాటలను ఇంగ్లీషు మాటలుగా విని పెడర్థాలు తీస్తుంది. ఇంటిభాష, బడిభాష ఢీకొంటే పుట్టే హాస్యం తెలిసినవాడే ఆ దృశ్యం రాయగలడు.

తండ్రి వృత్తి కూడా నాటకాల్లోకి వచ్చింది. ఒకచోట గడ్డం ఆకారాన్ని చేతితొడుగులు కోసే కత్తితో పోలుస్తాడు. ‘ట్వెల్ఫ్త్ నైట్’లో విదూషకుడు చమత్కారి చేతిలో మాటను మేకపిల్ల తోలుతో చేసిన చేతితొడుగుతో పోలుస్తాడు, లోపలివైపును ఇట్టే పైకి తిప్పేయవచ్చునట. ఇది పుస్తకంలో దొరికే ఉపమానం కాదు, ఇంట్లో పని చూస్తూ పట్టుబడినది.

కలిసిరాని కాలం

1570ల తొలి సంవత్సరాల్లోనే జాన్‌పై అధికవడ్డీ తీసుకున్నాడనీ, లైసెన్సు లేకుండా ఉన్ని వ్యాపారం చేశాడనీ కేసులు నడిచాయి. 1577నుంచి ఆయన పురసభకు రావడం మానేశాడు. తోటి సభ్యులు చాలాకాలం జరిమానా వేయకుండా, పన్నుల్లో తగ్గింపు ఇచ్చి ఆదుకున్నారు. చివరికి 1586లో ఆయన స్థానంలో మరొకరిని ఎన్నుకున్నారు. 1592లో చర్చికి రానివారి జాబితాలో ఆయన పేరు చేరింది. అప్పులవాళ్లు పట్టుకుంటారన్న భయంతో రావడం లేదని దానిపక్కనే కారణం రాశారు. ఆయన లోలోపల పాత కాథలిక్ మతాన్ని వదలలేదని కొందరు వాదిస్తారు కాని ఆ వాదం తేలలేదు.

ఈ కష్టాల్లో మేరీ పుట్టింటి పొలం పోయింది. 1578లో నలభై పౌన్లకు దాన్ని తాకట్టు పెట్టారు. తీసుకున్నవాడు పరాయివాడు కాదు, జాన్ తోడల్లుడు ఎడ్మండ్ లాంబర్ట్. ఆ భూమి తిరిగి రాలేదు. కేసులు ఏళ్లతరబడి నడిచాయి. 1588 నాటి కోర్టు కాగితంలో తల్లిదండ్రులతోపాటు విలియం పేరు కూడా ఉంది. పద్నాలుగేళ్ల వయసులో అమ్మ పొలం చేజారడం చూసిన కొడుకు, ఆపైన జీవితాంతం స్ట్రాట్‌ఫర్డ్‌లో భూములూ ఇళ్లూ కొంటూ వచ్చాడు. లండన్‌లో సంపాదించి సొంతవూళ్లో పెట్టాడు. ఈ రెండింటికీ సంబంధం లేదనుకోలేం. డబ్బు ఇబ్బందివల్లే తండ్రి అతన్ని బడి మాన్పించాడని మొదటి జీవితచరిత్రకారుడు నికొలస్ రో 1709లో రాశాడు. తోటి నాటకకర్తల్లో చాలామంది వెళ్లిన విశ్వవిద్యాలయానికి విలియం వెళ్లలేదు.

పెళ్లి, పిల్లలు

1582 నవంబరులో పద్దెనిమిదేళ్ల విలియంకూ ఇరవై ఆరేళ్ల ఆన్ హాథవేకూ పెళ్లికి అనుమతి వచ్చింది. ఆమె షాటరీ గ్రామ రైతు కూతురు. తండ్రి అంతకు ముందు సంవత్సరమే పోయాడు. ఆ తండ్రి స్నేహితులిద్దరు బిషప్ కార్యాలయంలో నలభై పౌన్లకు హామీపత్రం రాసిచ్చారు. పెళ్లినాటికి ఆన్ గర్భవతి. 1583 మే 26న సుసానాకు, 1585 ఫిబ్రవరి 2న హామ్నెట్, జూడిత్ అనే కవలలకు జ్ఞానస్నానాలు జరిగాయి. కవలల పేర్లు ఇరుగుపొరుగు దంపతులైన సాడ్లర్లవి.

1597 వరకు ఈ జంటకు వేరే ఇల్లున్నట్లు ఆధారం లేదు కనుక, హెన్లీ వీధి ఇంట్లోనే అత్తమామలు, మరుదులు, ఆడబిడ్డలతో ఆన్ కలిసి ఉండి ఉండాలి. సుసానాకు పినతండ్రి అయిన ఎడ్మండ్ ఆమెకన్న మూడేళ్లే పెద్ద. ఇలాంటి ఇల్లు మన పాఠకులకు వివరించనక్కరలేదు. విలియం 1592నాటికి లండన్ రంగస్థలంపై పేరు పొందాడు. భార్యాపిల్లలు స్ట్రాట్‌ఫర్డ్‌లోనే ఉండిపోయారని ఇంతకాలం అనుకున్నాం. అయితే లండన్‌లో నివసించిన షేక్స్పియర్ అనే ఇంటిపేరుగల ఒక స్త్రీకి రాసిన ఉత్తరపు ముక్క హెర్‌ఫర్డ్‌లోని పాతపుస్తకం బైండులో బయటపడింది. ఆమె కవి భార్యే కావచ్చునని 2025లో ఆచార్య మాథ్యూ స్టెగిల్ వాదించారు. ఇది నిలబడితే ఆ దాంపత్యం గురించి అలవాటుగా చెప్పుకునే మాటలు మార్చుకోవలసి వస్తుంది.

హామ్నెట్ పదకొండేళ్లకు చనిపోయాడు. 1596 ఆగస్టు 11న ఖననం. ఆ అక్టోబరులోనే జాన్ షేక్స్పియర్‌కు వంశచిహ్నం మంజూరైంది. తండ్రి ఇరవై ఏళ్ల క్రితం కోరి వదిలేసుకున్న గౌరవాన్ని కొడుకు పూనుకుని తిరిగి తెప్పించాడని పండితుల అభిప్రాయం. అయితే వంశచిహ్నం మగసంతతికి సంక్రమించేది. దాన్ని మోయవలసిన ఒక్కగానొక్క మనుమడు రెండు నెలల ముందే మట్టిలో కలిశాడు. కొడుకు మరణంపై తండ్రి నేరుగా రాసింది ఏదీ లేదు. నాలుగైదేళ్ల తర్వాత రాసిన ‘ట్వెల్ఫ్త్ నైట్’లో మాత్రం, కవల సోదరుడు మునిగిపోయాడని నమ్మిన ఒక చెల్లెలికి ఆ అన్న ప్రాణాలతో ఎదురవుతాడు.

ఈ కుటుంబంలో మనల్ని నిలిపేసే మరో సంగతి జూడిత్‌ది. 1611లో ఒక దస్తావేజుకు సాక్షిగా ఆమె గుర్తు పెట్టింది. అక్క సుసానా సంతకం చేయగలదు. చెల్లెలికి అది రాలేదు. ఇంగ్లీషు భాషకు అంత చేసినవాడి కూతురు నిశానీ వేసింది. కారణం సులువుగా చెప్పవచ్చు: పురసభ జీతమిచ్చిన ఆ బడి మగపిల్లలకే. జాన్‌కూ విలియంకూ మధ్య బడి ఉంది; విలియంకూ జూడిత్‌కూ మధ్య అది లేదు.

వీలునామా, వంశం

1616 మార్చి 25న సరిచేసి సంతకం చేసిన వీలునామాలో ఆస్తిలో అధికభాగం పెద్దకూతురు సుసానాకు వెళ్లింది. జూడిత్‌కు నగదు ఇచ్చాడు. భార్యకు రెండవ మేలిరకం మంచం ఇచ్చిన వాక్యం ప్రసిద్ధం. అది చిన్నచూపని కొందరు, వారి సొంత పడకమంచం కనుక ఆప్యాయతని కొందరు అంటారు. వాక్యం మాత్రం ఏమీ తేల్చదు. చెల్లెలు జోన్‌ను ఆయన మరువలేదు. ఇరవై పౌన్లు, తన బట్టలు ఇచ్చి, ఏడాదికి పన్నెండు పెన్నీల నామమాత్రపు అద్దెపై పుట్టింట్లోనే బతికినంతకాలం ఉండనిచ్చాడు. టోపీలు చేసే ఆమె భర్త ఏప్రిల్ 17న ఖననమయ్యాడు. అన్న ఏప్రిల్ 23న పోయాడు. జోన్ మరో ముప్పై ఏళ్లు ఆ ఇంట్లోనే ఉంది. కవి నేరువంశం మనుమరాలు ఎలిజబెత్‌తో 1670లో అంతరించింది. జోన్ సంతతే మిగిలింది. ఆ ఇంటిని 1847లో ప్రజల చందాలతో కొని జాతికి దక్కించారు.

ముగింపు

పై వివరాలను కలిపి చూస్తే, చదువులేని ఇంటినుంచి ఇంత భాష ఎలా వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం కష్టం కాదు. ఇల్లు బతికున్న భాషను, వృత్తిని, కోర్టు గొడవలను, చావులను ఇచ్చింది. ఊరు ఉచితంగా బడి ఇచ్చింది. బడి ఇంటిభాషను పక్కన పెట్టి మరో భాషను కూర్చోబెట్టి, రెంటినీ రోజూ పోల్చుకోమంది. ఈ మూడూ ఉన్నా అందరూ షేక్స్పియర్‌లు కాలేదు, అది నిజం. కాని ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ షేక్స్పియర్ ఉండేవాడు కాడు. జూడిత్ గుర్తే దానికి రుజువు.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో ఉన్న కుటుంబాలకు ఈ కథలో పోలిక కనబడుతుంది. తేడా కూడా ఉంది, దాన్ని దాచకూడదు. స్ట్రాట్‌ఫర్డ్ పిల్లవాడి ఇంటిభాషే వీధిభాష, సంతభాష కూడా. బడి పట్టించుకోకపోయినా అది చుట్టూ మోగుతూ ఉండేది. తరాలుగా బయట స్థిరపడిన మన కుటుంబాల్లో చాలావాటికి ఆ చుట్టుగోడ లేదు. వీధి, సంత చేసే పని కూడా ఇల్లే చేయాలి. అందుకు పెద్దలు పండితులు కానక్కరలేదని జాన్, మేరీల ఇల్లు చూపిస్తుంది. పిల్లలముందు తమ పనిని తమ మాటల్లో పేరుపెట్టి చెప్పగలిగితే చాలు. బడిభాషను శత్రువుగా చూడనక్కరలేదని కూడా ఆ ఇల్లే చూపిస్తుంది. అక్కడి పాఠాన్ని ఇంటిభాషలోకి మార్చి, తిరిగి దానిలోకి తెచ్చే ఆ పాత అభ్యాసం ఏ ఊళ్లోనైనా, ఏ రెండు భాషలతోనైనా చేయదగినదే.